నేను పెట్టించిన రాయి

మదనపల్లె వెళ్ళొచ్చానంటే మా తెనాలిలో ఎవరైనా మొదట అడిగేది టమోటా రేటు. ఆ తర్వాత, అక్కడ నిజంగానే చలిగా ఉంటుందా అని. రెండింటికీ నా దగ్గర జవాబులున్నాయి. అక్కడి తిండి గురించి అడిగితే ఇంకా సంతోషం, అడిగినవాళ్ళు ఇక చాలు తల్లీ అనేదాకా చెబుతాను. "మరి నువ్వెళ్ళిన పనేమైంది?" అని మాత్రం మా అక్క ఒక్కతే అడిగింది. పాలు పొంగిపోతున్నాయని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పొయ్యి మీద పాలు లేవు.

నా ఉద్యోగం ప్రణాళికలు రాయడం. ఒక ప్రాంతంలో వ్యవసాయం బాగుపడాలంటే ఏ పంటకి ఊతమివ్వాలి, ఎక్కడ చెరువు బాగు చేయాలి, ఎక్కడ గోదాము కట్టాలి అని పైవాళ్ళు నిర్ణయించే ముందు, ఆ ప్రాంతం పరిస్థితి ఏమిటో మాలాంటి వాళ్ళు వెళ్ళి చూసి చెప్పాలి. చెప్పడానికి ఒక పద్ధతుంది. నాలుగు గడులు గీసి, ఒక దాంట్లో బలాలు, ఒక దాంట్లో బలహీనతలు, ఒక దాంట్లో అవకాశాలు, ఒక దాంట్లో ముప్పులు సర్దాలి. మొదటి రెండూ మనలో ఉన్నవి, మిగిలిన రెండూ బయటినుంచి వచ్చేవి. ఈ పద్ధతంటే నాకు భక్తి. కాయితం చినిగిపోతోందని ఒక పాత దుప్పటి మీద నాలుగు రంగుల గుడ్డలు కుట్టించుకున్నాను. ఊళ్ళో అందరినీ దాని చుట్టూ కూర్చోబెట్టి, ఏది ముఖ్యమో దాని మీద చింతగింజలు వేయమంటాను. చదువు రానివాళ్ళు కూడా ప్రణాళికలో పాలుపంచుకుంటారన్నమాట. ఈ దుప్పటి చూసుకుని నేనెంత మురిసిపోయానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

శివరాత్రి వెళ్ళిన వారం ఆ దుప్పటి చుట్ట చంకన పెట్టుకుని మదనపల్లె బస్సు దిగాను.

మదనపల్లె

బస్టాండులో మొదటి పలకరింపు ఒక పూలమ్మే ఆవిడది. "ఏమ్మా, దుప్పట్లు అమ్మేదానికి వచ్చినావా? జత ఎంత?"

కాదని చెప్పినా నమ్మలేదు. చుట్ట విప్పి చూపిస్తే, "అతుకుల దుప్పటా, ఎవురు కొంటారు దీన్ని?" అని జాలిపడి, అరమూర మల్లెలు ఊరికే ఇచ్చింది.

చలి సంగతి నిజమే. మా దగ్గర ఆపాటికి ఫ్యాను లేకుండా కూర్చోలేం. ఇక్కడ పొద్దున్నే టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలనిపిస్తుంది. ఊరి చుట్టూ బోడికొండలు, సందు మలుపు తిరిగినా ఏదో ఒక గుట్ట కనిపిస్తూనే ఉంటుంది. చదును నేల మీద పుట్టి పెరిగినదాన్ని, నాకు ఊరంతా ఏటవాలుగా ఉన్నట్టనిపించి మొదటిరోజంతా మోకాళ్ళు నొప్పి.

టమోటా మార్కెట్ చూడకుండా మదనపల్లె చూశానంటే ఎవరూ ఒప్పుకోరు. లారీలు, బాక్సులు, అరుపులు, కాలు పెడితే జారే నేల. నేను జారాను కూడా. పండిన టమోటా మీద కూర్చున్న చీర ఎంత ఉతికినా మొదటి రంగుకి రాదని అనుభవం మీద చెబుతున్నాను. రేటు సంగతి అడగొద్దు. ఇడ్లీ తినబోయేముందు ఒకటి, తిని చేయి కడుక్కునేసరికి ఇంకొకటి.

నేను జారినప్పుడు చేయిచ్చి లేపినాయన నారాయణప్ప. ఆయనకి అక్కడ మండీ ఉంది. అంటే రైతులు తెచ్చిన టమోటాలు ఆయన దగ్గర వేలానికి పెడతారు. తెల్లచొక్కా, చెవి మీద పెన్ను, పెద్ద గొంతు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"యాడ నుంచి వస్తాండారమ్మా?"

తెనాలి అన్నాను.

"ఓ, నీళ్ళుండే దేశం," అన్నాడు. ఏదో స్వర్గం పేరు విన్నట్టు తలూపాడు.

ఆయన మాటకారి, నేనూ తక్కువదాన్ని కాదు. పంట వేసే ముందే తన రైతులకి నారు పంపుతానని, మొక్కలకి ఊతంగా పాతే కట్టెలు, కట్టే పురికొస కూడా తనే పంపుతానని, పంట వచ్చాక సరుకు తన మండీకే వస్తుందని చెప్పాడు. అందరికీ ఇస్తారా అని అడిగాను.

"మనిషిని సూడనమ్మా నేను. నీళ్ళుండే సేనా కాదా, అదొగటే సూస్తా."

ఆ మాట విన్నాను. నా బుర్రలో బలాల గడిలో "మార్కెట్‌తో మంచి సంబంధం" అని వేసుకున్నాను. మర్నాడు పుంగనూరు అవతల పల్లెలో మా సమావేశం ఉందంటే, అక్కడ తన రైతులు చాలామంది ఉన్నారన్నాడు. మా పద్ధతిలో ఒక సూత్రం ఉంది, అన్ని పక్షాలవాళ్ళనీ ఒకే చోట కూర్చోబెట్టాలని. పండించేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒకే దుప్పటి చుట్టూ! ఇంతకంటే ఏం కావాలి? మీరూ రండి అని పిలిచాను.

"పిలిస్తే యాల రాను? మావోళ్ళే గదా అందురూ."

మధ్యాహ్నం భోజనానికి కూడా ఆయనే మంచి మెస్సు చూపించాడు. నాటుకోడి పులుసు అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఇంత మంచి మనిషి దొరికాడు, ఇక నా పని నల్లేరు మీద బండినడకే అనుకుంటూ పుంగనూరు బస్సెక్కాను.

పుంగనూరు బజారు

పుంగనూరులో దిగగానే అందరూ అడిగే తప్పు ప్రశ్న నేనూ అడిగాను, పొట్టి ఆవులు ఎక్కడుంటాయని. బజ్జీలు వేస్తున్నాయన నూనెలోంచి గరిటె తీయకుండానే నవ్వాడు. "అవి యాడమ్మా ఈడ? పెద్ద పెద్దోళ్ళ బంగళాల్లో ఉండాయి. మాకు మిగిలిండేది పేరు, పాలిచ్చే సీమావులు."

పాత ఊరు. ఇరుకు సందులు, పాలక్యాన్లు వేలాడే సైకిళ్ళు, పల్లెలకి వెళ్ళే ఆటోల వరస. ఒక సందులో మోటార్లు బాగుచేసే షాపు కనిపించింది. బోర్ల మోటార్లు అరటిగెలల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటి మధ్య రాగితీగ చుడుతూ ఖాదర్ అనే ఆయన. గడ్డం తెల్లబడింది, మాట మాత్రం కుర్రాడిది. చుట్టుపక్కల యాభై ఊళ్ళ బోర్లు తన చేతి మీదే బతుకుతున్నాయని, తను లేకపోతే పుంగనూరు తాలూకాకి తాగునీళ్ళు కూడా ఉండవని ఆయనే చెప్పాడు. కాసేపు ఆయన గొప్పలు విన్నాక, ఇంత మంచి సమాచారం ఒకే చోట దొరికిందని నాకు ఆశ పుట్టింది. ఏ ఊళ్ళో ఎవరి బోర్లు ఎండిపోయాయో చెప్పమన్నాను.

తీగ చుట్టడం ఆగింది.

"నక్కో మేడం. అది నన్నడగొద్దు."

"ప్రభుత్వ ప్రణాళిక కోసమేనండీ, మంచికే."

"మంచికైనా అడగొద్దు. మోటారు కాలిందా, చుట్టిస్తా. లోపల నీళ్ళుండాయా లేదా అనేది ఆ ఇంటి మాట. నా నోట్లో నుంచి రాదు."

ఇంతసేపు గలగలా మాట్లాడినాయనకి ఉన్నట్టుండి ఏమొచ్చిందో నాకర్థం కాలేదు. నాకు చిరాకేసింది. బయటికొస్తూ "సమాచారం పంచుకునే అలవాటు లేదు" అని బలహీనతల గడిలో వేసేశాను.

పేరు చెప్పని పల్లె

ఆ పల్లె పేరు చెప్పను. ఒకసారి అందరి ముందూ నోరు విప్పి చేసింది చాలు.

సాయంత్రానికి ఆటోలో చేరాను. మా ఆఫీసువాళ్ళు రెడ్డెమ్మ ఇంట్లో బస ఏర్పాటు చేశారు. నా ఈడుదే. రెండు ఆవులు, కొంచెం మడి, టమోటా వేసే చేను. భర్త తక్కువ మాట్లాడే మనిషి, నన్ను చూసి తువ్వాలు సర్దుకుని ఆవుల దగ్గరికి వెళ్ళిపోయాడు. రెడ్డెమ్మ రాగి సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి, అలసందల పులుసు పోసింది. పక్కన చెనిక్కాయల ఊరిబిండి. మేం వేరుశనక్కాయ పచ్చడి అంటాం కానీ దీనికీ దానికీ పోలికే లేదు. నేను సంగటిని నములుతుంటే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నమిలితే పండ్లకి అంటుకుంటాదమ్మా. పులుసులో ముంచి మింగేయల్ల."

మింగడం నేర్చుకునేసరికి రెండో ముద్ద వేసింది. వద్దంటే, "మీ ఊర్లో అన్నం తిని తిని ఒళ్ళు అట్లయిపోయింది, రెండు దినాలు ఈడ తిను," అని కోప్పడింది. చుట్టానికి చెప్పినట్టే చెప్పింది.

పొద్దున్నే ఆవులకి గడ్డి తేవడానికి వెళుతుంటే నేనూ వెంట వెళ్ళాను. చేను దున్ని, సాళ్ళు తీసి, నారు కోసం సిద్ధంగా ఉంది. ఆ వారంలోనే నారాయణప్ప మండీ నుంచి నారూ కట్టెలూ వస్తాయంది. గట్టు పక్కన బోరు. పైపు మూతి దగ్గర మట్టి ఎండి పగిలి ఉంది. చేతితో తడిమితే దుమ్ము రాలింది.

"ఎండిపోయిందా రెడ్డెమ్మగారూ?"

ఆవిడ నవ్వింది. "మా ఊర్లో ఎవురి బోరూ ఎండదమ్మా."

ఎండిపోయిన పైపు ముందు నిలబడి ఆ మాటంటే నేను వేళాకోళం అనుకుని నవ్వాను. గట్టు అవతల మునెమ్మ అనే ఆవిడ చేను. అక్కడినుంచి ఒక నల్ల పైపు గడ్డి కింద నుంచి ఇటు వచ్చి ఉంది. మునెమ్మ బోరులో సన్నదార వస్తుంది. రెడ్డెమ్మ తన ఆవుల పేడంతా మునెమ్మ చేనుకి తోలుతుంది, మునెమ్మ ఒక పూట నీళ్ళు ఇటు వదులుతుంది. డ్రిప్పు పెట్టుకుంటే ఆ నీళ్ళతో టమోటా దక్కుతుందని, పోయినేడూ అట్లాగే దక్కిందని రెడ్డెమ్మ చెప్పింది. చెప్పి, పైపు మీద గడ్డి మళ్ళీ సర్దింది.

ఆ గడ్డి సర్దడం చూశాను. చూసి కూడా ఏమీ అర్థం కాని గుడ్డిదాన్ని.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మాది కాలవ నీళ్ళ వ్యవసాయం. మాకు నీళ్ళు రాకపోతే మేం నోరు మూసుకోం. కాలవ గట్టెక్కి, ఆఫీసు ముందు కూర్చుని, మా పొలం ఎండిపోయిందహో అని ఊరంతా వినపడేలా అరుస్తాం. అరిచినవాడికే నీళ్ళు. ఎండిందని దాచుకునేవాడు మాలో వెర్రివాడి కింద లెక్క. నేను పుట్టిన దగ్గర్నుంచి చూసింది అదే. నీళ్ళు ఎవరి చేను కింద వాళ్ళకే ఉండే చోట, అవి లేవని చెప్పుకుంటే వచ్చేది ఏమీ లేదని, పోయేదే ఉందని నాకు తట్టలేదు.

బడి ముందు అరుగు మీద సమావేశం. నారాయణప్ప కారులో వచ్చాడు. ఆయనకి కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. నాలుగు గడుల్లోకి వెళ్ళే ముందు ఊరి పరిస్థితి తెలియాలి కాబట్టి నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీయించాను. చేలు, గట్లు, బోర్లు అన్నీ వాళ్ళే గీశారు. ఒక బుట్టలో కానుగాకులు, ఒక బుట్టలో గులకరాళ్ళు. బోరు పారుతుంటే మీ చేను మీద ఆకు పెట్టండి, ఎండిపోతే రాయి పెట్టండి అన్నాను.

ఒక్కొక్కరే వచ్చి పెట్టారు. అన్నీ ఆకులే. చేనే లేని ఒక ముసలాయన మాత్రం నవ్వులాటకి తన ఇంటి మీద రాయి పెట్టాడు. రెడ్డెమ్మ కూడా వచ్చి తన చేను మీద ఆకు పెట్టి వెళ్ళి కూర్చుంది.

నేను నవ్వుతూనే అన్నాను. చాలా ప్రేమగానే అన్నాను.

"రెడ్డెమ్మగారూ, పొద్దున మనం చూశాం కదా. మీ బోరు ఎండిపోయింది కదా! మొహమాటం ఎందుకు, రాయి పెట్టండి."

రెడ్డెమ్మ నా వంక చూడలేదు. నారాయణప్ప కుర్చీ వంకా చూడలేదు. లేచి వచ్చి, వంగి, ఆకు తీసి, రాయి పెట్టింది. తీసిన ఆకుని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"చూశారా, ఇలా ఉన్నదున్నట్టు చెప్పుకుంటేనే మనకి మేలు," అని నేను చప్పట్లు కొట్టాను. నాతో కలిసి ఎవరూ కొట్టలేదు.

తర్వాత దుప్పటి పరిచి బలహీనతలు చెప్పమంటే ఒక్కరూ నోరు విప్పలేదు. చింతగింజలన్నీ బలాల గడిలో కుప్పపోశారు. ఈ ఊరి ఆత్మవిశ్వాసం అమోఘం అని రాసుకున్నాను. రాసుకుని, మా బాస్‌కి పటం ఫోటో పంపి, ఫోన్ చేసి, తప్పుగా పెట్టిన ఆకుని నేనెలా తీయించి సరిచేశానో గర్వంగా చెప్పాను కూడా.

మధ్యాహ్నం రెడ్డెమ్మ మళ్ళీ సంగటి పెట్టింది. ముద్ద అంతే పెద్దది, పులుసు అంతే పోసింది. రెండో ముద్ద వద్దంటే మాత్రం ఊరుకుంది.

కారులో

పుంగనూరు దాకా నారాయణప్ప కారులో ఎక్కించుకున్నాడు. ఊరు దాటాక ఫోన్ తీశాడు.

"ఒరే, రెడ్డెమ్మకని పెట్టిండే నారుండాది గదా, అది కిందపల్లెకి ఏసెయ్. కట్టెలు గూడా దించొద్దు."

నేను వెనక సీట్లో దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"ఎందుకండీ, ఆవిడ చేను సిద్ధం చేసుకుంది కదా!"

"నీళ్ళు లేవు గదమ్మా. మీరే గదా సెప్పినారు."

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. వాన వస్తుందని చెప్పినందుకు గొడుగు తీసుకున్నట్టు మాట్లాడాడు. నాకు ఒకటే తోచింది, ఎలాగైనా దీన్ని సరిచేయాలి. సరిచేయడం నా జబ్బు.

"లేదండీ, ఆవిడకి నీళ్ళున్నాయి. మునెమ్మగారి బోరు నుంచి పైపు ఉంది. ఈవిడ పేడ తోలుతుంది, ఆవిడ నీళ్ళు వదులుతుంది. పోయినేడు పంట కూడా అలాగే పండింది. నేను కళ్ళారా చూశాను!"

నారాయణప్ప మనసులో లెక్క వేసుకున్నాడు. "మునెమ్మదా? అదేమంత బోరమ్మా, సన్నదార. రెండు సేన్లు తడుపుతాందా దాంతో? అట్లైతే మునెమ్మకి గూడా సగం నారే పంపల్ల."

మళ్ళీ ఫోన్ తీశాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని చిన్నప్పటినుంచి అంటూనే ఉన్నాను, నా నాలుకకే అది జరుగుతుందనుకోలేదు. బతిమాలాను. ఏడుపు గొంతుతోనే బతిమాలాను. ఆయనకి నా మీద జాలేసింది పాపం.

"నేను సెడ్డోణ్ణి గాదమ్మా. రెడ్డెమ్మ మంచిది, నాకు తెల్దా? తెలీనంతవరకు పంపిస్తానే ఉంటి. తెలిసినాక ఎట్ల పంపేది? పైరు ఎండితే ఆయమ్మా ఏడస్తాది, నేనూ ఏడస్తా. ఇద్దురూ ఏడ్సేదానికి యాల?"

పుంగనూరులో దింపి, నా దుప్పటి తనే చేతికందించి, జాగ్రత్తగా పొమ్మని చెప్పి వెళ్ళాడు.

మళ్ళీ పుంగనూరు

తెల్లారి ఖాదర్ షాపు ముందు నుంచే బస్టాండుకి పోవాలి. తల వంచుకుని దాటిపోదామనుకున్నాను. "మేడం!" అని పిలిచాడు. అప్పటికే ఆయనకి అంతా తెలుసు. పాలక్యాన్లతో పాటు మాటలు కూడా పొద్దున్నే ఊరు చేరతాయి.

"మొన్న నేను నోరు తెరవలేదని నా మీద ఏమని రాసుకున్నారు, నిజం చెప్పండి."

చెప్పాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఆ ఊళ్ళో తెలియనోడు లేడు మేడం, రెడ్డెమ్మ బోరు సంగతి. బయటికి అన్నోడూ లేడు. పోయినేడు ఆ మోటారు పైకి తీసింది నేనే. తీసి, నీళ్ళు రాలేదని తెలిసి, మళ్ళా లోపలికే దించినా. కూలి ఎందుకు దండగ అని అడగండి."

అడగలేదు. జవాబు తెలుస్తూనే ఉంది, మోటారు బయటికి తీసి పెడితే బోరు ఎండిందని అందరికీ కనిపిస్తుంది.

"ఇప్పుడెళ్ళి ఆయమ్మకి ఒక మాట చెప్పి పోండి," అన్నాడు.

పల్లెకి వెళ్ళే ఆటో ఎదురుగానే ఉంది. డ్రైవరు ఇంకొక మనిషి కోసం కేకలు వేస్తున్నాడు. వెళ్ళి ఏమని చెప్పను? ఆవిడ ఇంట్లో పడుకున్నాను, ఆవిడ చేతి ముద్ద తిన్నాను, ఆవిడ పైపు మీద గడ్డి ఎత్తి నారాయణప్పకి చూపించాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, నేను లెక్కపెట్టి ఊరుకోలేదు, పెద్దగా చదివి వినిపించాను కూడా. మునెమ్మ కూడా అక్కడే ఉంటుంది. ఆ ఇద్దరి మొహాలు చూసే ధైర్యం నాకు లేకపోయింది. కుప్పంలో మర్నాడు మీటింగుందని నాకు నేనే చెప్పుకుని పలమనేరు బస్సెక్కాను.

ఈ ప్రయాణంలో చేసిన తప్పులన్నిట్లోకీ ఇది తెలిసి చేసింది.

కుప్పం

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం. దారిలో ఎక్కినవాళ్ళు తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలో తగవాడి, తమిళంలో రాజీపడ్డారు. కండక్టరు మూడింట్లోనూ చిల్లర లేదనే అన్నాడు. శాంతిపురం దగ్గర గ్రానైటు బండలు రోడ్డు పక్కన గోడల్లా పేర్చి ఉన్నాయి. బెంగుళూరు పనులకి వెళ్ళేవాళ్ళు సంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు. మామూలుగా అయితే ఒక్కొక్కరినీ ఊరూ పేరూ అడిగి ప్రాణం తీసేదాన్ని. ఆ రోజు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కుప్పంలో తిన్న కారం దోసె చాలా బాగుందని గుర్తుంది, రుచి మాత్రం గుర్తులేదు.

మర్నాడు పొద్దున శాంతిపురం వైపు ఒక ఊళ్ళో చేలు చూడాల్సి వచ్చింది, మధ్యాహ్నం ఆ ఊరి రైతులే మీటింగుకి వస్తారని. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన తన చేను చూపించాడు. బోరు పైపు మూతికి సాలెగూడు పట్టి ఉంది. ఇద్దరం దాన్ని చూశాం. నేను ఏమీ అడగలేదు. ఆయనా ఏమీ చెప్పలేదు.

మీటింగు హాల్లో కుర్చీల మీద అధికారులు, నారు పెంచి అమ్మేవాళ్ళు, వి.కోట మండీల నుంచి వచ్చినవాళ్ళు. రైతులు జంపఖానా మీద. గోడ మీద పెద్దగా నా పుంగనూరు పటం ఫోటో వేశారు. పచ్చటి ఆకుల మధ్య రెడ్డెమ్మ రాయి అరచేయంత పెద్దదై కనిపిస్తోంది.

"ఇదీ పద్ధతంటే!" అన్నాడు పెద్ద అధికారి. "ఒకావిడ తప్పుగా ఆకు పెడితే ఈ మేడం గుర్తుపట్టి రాయి పెట్టించారట. ఇంత నిక్కచ్చిగా పరిస్థితి తెలుసుకుంటేనే ప్రణాళిక నిలబడుతుంది. రాళ్ళు ఎక్కువున్న ఊళ్ళకే చెరువుల పూడికతీత, చెక్‌డ్యాములు ముందు వెళతాయి." అందరూ చప్పట్లు కొట్టారు. ఈసారి నిజమైన చప్పట్లు. కూర్చున్న చోట భూమి చీలితే బాగుండుననిపించింది.

నేల మీద సుద్దతో ఊరి పటం గీశారు. కానుగాకుల బుట్ట ఒకటి, గ్రానైటు ముక్కల బుట్ట ఒకటి. రైతులు వరసగా వచ్చారు. ఆకు. ఆకు. ఆకు. తలపాగా పెద్దాయన కూడా వచ్చి, నా వంక ఒకసారి చూసి, తన చేను మీద ఆకు పెట్టాడు. రాళ్ళ బుట్ట ముట్టినవాళ్ళే లేరు.

అధికారి నవ్వాడు. "ఇంత కరువు సీమలో ఒక్క రాయీ లేదా? మేడం, పొద్దున మీరు చేలు తిరిగారు కదా. పుంగనూరులో చేసినట్టు కాస్త సరిచేయండి."

హాలంతా నా వైపు తిరిగింది. పెద్దాయన నేల చూస్తున్నాడు. కుర్చీల మీదున్న కొనేవాళ్ళని కాసేపు బయట టీ తాగి రమ్మంటే సరిపోయేది. అంత చిన్న పని. రెడ్డెమ్మ ఊళ్ళో అది నాకు తోచలేదు. ఇక్కడ తోచింది కానీ, అంత పెద్దవాళ్ళని లేచి వెళ్ళమనడానికి నోరు రాలేదు. పేదవాళ్ళ ముందు లేచే నోరు నాది.

"చూశాను సార్," అన్నాను. "అన్నీ పారుతున్నాయి."

బయట పెద్దాయన చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను. రాళ్ళు పెట్టి ఉంటే ఊరికి చెక్‌డ్యాము వచ్చేదేమో కదా అన్నాను. అడగడానికి నాకేం హక్కుందో తెలియదు.

"పుంగనూరు తట్టు మా వియ్యంకులుండారమ్మా. నిన్ననే ఫోన్ జేసినారు." నన్ను తిడతాడేమోనని చూశాను. నిదానంగానే చెప్పాడు. "రాయి పెడితే నారు పోతాది. ఆకు పెడితే మీ డ్యాము పోతాది. డ్యాము ఎప్పుడొస్తాదో దేవుడికి తెల్సు. నారు వచ్చే వారమే గదా."

ఇంటికొచ్చాక

నివేదిక పంపించాను. కుప్పం పటం పచ్చగా ఉంది, పుంగనూరు పటంలో ఒక్క రాయి. దాన్ని తీసేయమని మా బాస్‌ని అడిగాను, మొత్తం నివేదికలో అదొక్కటే నమ్మదగ్గదిగా ఉందన్నాడు. మండీలవాళ్ళు లేకుండా విడిగా ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ అడగాలి, పేర్లు రాయకూడదు అని పది పేజీల లేఖ పెట్టాను. చూద్దామన్నారు. దుప్పటి మడిచి అటక మీద పడేశాను. అక్క చలికి కప్పుకుంటానంటే ఇవ్వలేదు.

రెడ్డెమ్మ నంబరు నా దగ్గరుంది. రోజూ తీయడం, పెట్టేయడం. ఉగాది కూడా వెళ్ళిపోయాక ఒకరోజు చేశాను.

"ఎవురూ? మేడమ్మా! బాగుండారా? ఆ దినం సెప్పకనే పోతిరే, ఊరు బాగా సేరినారా?"

బాగానే చేరానన్నాను. టమోటా నాటారా అని అడిగాను, జవాబు తెలిసి కూడా.

"ల్యా. సేను బీడు పెట్టినాం ఈ తూరికి. మా ఆయన బెంగుళూరు పోయినాడు కట్టుబడి పనికి. నేనూ ఆవులూ ఉండాం."

"మునెమ్మగారు?"

"ఆయమ్మకి ఉండే నీళ్ళు ఆయమ్మకే సరిపోతాయి గదా ఇప్పుడు." పైపు తీసేశారా అని నేను అడగలేదు.

ఎన్నో రోజులుగా అనుకుంటున్న మాట అప్పుడన్నాను. నావల్ల చాలా తప్పు జరిగింది రెడ్డెమ్మగారూ, నన్ను క్షమించండి అన్నాను.

"అయ్యో, అదేం మాటమ్మా. మీరు ఉండేదే గదా సెప్పినారు."

ఆవు అరిచింది. దాన్నేదో అదిలించి మళ్ళీ ఫోన్లోకి వచ్చింది.

"ఈ తట్టు మళ్ళా వస్తే ఇంటికి రాండమ్మా. సంగటి జేస్తా, ఊరిబిండి నూరతా, రెండు దినాలు ఉండి పోండి. సేను కాడికి మాత్రం వద్దమ్మా."

సరేనన్నాను.